పెద్ద పంపు, చిన్న అవసరం

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల అధ్యక్షులు, కార్యదర్శులు, సభ్యుల శిక్షణ తరగతిలో ఇంజనీరింగు విభాగం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పచ్చిమేత గురించి, చూడి గేదెల పోషణ గురించి, గాలికుంటు టీకాల గురించి ఈ తరగతుల్లో మీరు చాలా విన్నారు. ఇవాళ మేము చెప్పబోయేది పశువుల పాకలో కనిపించని సంగతి. మీరు పోసిన పాలను చల్లబరిచే కేంద్రంలో ఒక మూలన తిరిగే పంపు గురించి. పంపు సంగతి మెకానిక్కు చూసుకుంటాడులే, మనకెందుకని అనుకోవద్దు. ఆ కేంద్రంలో కాలే ప్రతి యూనిటు కరెంటూ మీ పాల మీద పడే ఖర్చే. ఏడాది చివర లెక్కలు కట్టేటప్పుడు దాన్ని తీసివేశాకే మీ బోనసు తేలుతుంది.

కేంద్రంలో రెండు పంపులు ముఖ్యమైనవి. మొదటిది పాల పంపు. డంపు ట్యాంకులోని పాలను ప్లేట్ చిల్లరు గుండా నిల్వ ట్యాంకుకు పంపుతుంది. రెండోది చల్లనీటి పంపు. ఐస్ బ్యాంకు ట్యాంకులోని చల్లటి నీటిని అదే చిల్లరులోకి ఎదురు దిశలో పంపి, మళ్లీ ట్యాంకుకు చేరుస్తుంది. పలచటి స్టీలు ప్లేట్లకు ఒక పక్క పాలు, మరో పక్క నీళ్లు నడుస్తాయి. పాలలోని వేడి నీటికి ఎక్కుతుంది. బల్క్ కూలరు ఒక్కటే ఉన్న సంఘాల్లో సాధారణంగా చల్లనీటి పంపు ఉండదు. అక్కడివారు పాల పంపు గురించి చెప్పేది ప్రత్యేకంగా వినవలసిందిగా కోరుతున్నాం.

ఈ రెండూ సెంట్రిఫ్యూగల్ పంపులే. మీలో చాలామంది బావుల దగ్గర ఉన్న మోనోబ్లాకు పంపు కూడా ఈ జాతిదే. కేసింగు లోపల ఇంపెల్లరు గిరగిర తిరిగి నీటిని అంచువైపు విసురుతుంది. ఆ విసురుకు బలం రెండింటి నుంచి వస్తుంది. ఒకటి ఇంపెల్లరు వ్యాసం, రెండోది అది నిమిషానికి తిరిగే చుట్లు. ఎదురు ఒత్తిడి పెరిగితే ఈ పంపు తక్కువ నీరు ఇస్తుంది, తగ్గితే ఎక్కువ ఇస్తుంది. ఈ గుణాన్ని గుర్తుంచుకుంటే మిగతా విషయమంతా సులభంగా బోధపడుతుంది.

పంపు ఎందుకు పెద్దదవుతుంది?

కావాలని ఎవరూ పెద్ద పంపు కొనరు. అవసరం 100 అని లెక్క తేలితే, లెక్క వేసినవారు ఎందుకైనా మంచిదని పది శాతం కలుపుతారు. ఆర్డరు పెట్టేవారు దానిమీద మరో పది శాతం కలుపుతారు. అమ్మేవారి దగ్గర సరిగ్గా ఆ కొలత ఉండదు, పై సైజు ఇస్తారు. అది ఇంకో పది శాతం అనుకుందాం. ముగ్గురి చేతులూ దాటేసరికి 100 కాస్తా 133 అవుతుంది. పాల సేకరణ పెరుగుతుందన్న ఆశతో ముందుగానే పెద్దది బిగించుకునే కేంద్రాలుంటాయి. పాత పంపు కాలిపోయి, ట్యాంకులో పాలు విరిగిపోతాయన్న కంగారులో దొరికిన పంపు తెచ్చి బిగించడమూ ఉంటుంది. తర్వాత దాన్ని మార్చే తీరిక ఎవరికీ చిక్కదు.

ఎలా గుర్తించాలి?

డెలివరీ వాల్వు ఏడాది పొడుగునా సగం మూసే ఉంటుంది. దాని చక్రం ఆ చోటనే బిగుసుకుపోయి ఉంటుంది. పూర్తిగా తెరిస్తే మోటారు పేరుపలక మీద ఉన్న ఆంపియర్లు దాటి రిలే పడిపోతుంది. నీళ్ల పంపులో గులకరాళ్లు పోసినట్టు చప్పుడు రావచ్చు. ప్రవాహం మితిమీరినప్పుడు ఇంపెల్లరు నోటి దగ్గర ఒత్తిడి పడిపోయి, నీటిలో ఆవిరి బుడగలు పుట్టి పగిలే చప్పుడది. అది కొనసాగితే ఇంపెల్లరు ఆకులు గుంతలు పడతాయి. సీలు, బేరింగులు మాటిమాటికీ పోతుండడం కూడా ఒక గుర్తే. వీటిలో ఏ రెండు కనబడినా పంపును కొలిచి చూడాలి.

ముందు కొలత, తర్వాత కోత

కొలవకుండా ఏ మార్పూ చేయవద్దు. కొలవడానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. 200 లీటర్ల డ్రమ్ము, గడియారం, రెండు ప్రెషరు గేజిలు, ఎలక్ట్రీషియను దగ్గర ఉండే క్లాంపు మీటరు చాలు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. చిల్లరు గంటకు 5,000 లీటర్ల పాలకు తయారైనది. దానికి పాలకు మూడింతలు, అంటే గంటకు 15,000 లీటర్ల చల్లనీరు కావాలని తయారీదారు పత్రంలో ఉంది. చిల్లరు నుంచి తిరిగి వచ్చిన నీరు ఐస్ బ్యాంకు ట్యాంకులో పడేచోట గొట్టం తగిలించి డ్రమ్ములోకి పట్టాం. 40 సెకన్లలో డ్రమ్ము నిండింది. అంటే సెకనుకు 5 లీటర్లు, గంటకు 18,000 లీటర్లు. డెలివరీ గేజి 3 కిలోలు చూపుతోంది. గేజి మీద ఒక కిలో అంటే సుమారు 10 మీటర్ల ఎత్తు నీటి ఒత్తిడి. కాబట్టి ఈ పంపు 30 మీటర్ల ఒత్తిడితో 18,000 లీటర్లు తోస్తోంది. మనకు కావలసింది 15,000. డ్రమ్ము 48 సెకన్లలో నిండితే సరిపోతుంది.

నీళ్లు ఎక్కువ తిరిగితే పాలు ఇంకా చల్లబడవా అని మీకు తోచవచ్చు. కొంచెం చల్లబడతాయి, అంతే. నీరు చాలినంత ఉన్నాక దాన్ని ఇంకా పెంచినందువల్ల పాల డిగ్రీలు తగ్గేది స్వల్పం, కరెంటు పెరిగేది ఎక్కువ.

మొదటి దారి: వాల్వు

అందరూ చేసేది డెలివరీ వాల్వు కొంత మూయడం. డ్రమ్ము 48 సెకన్లకు వస్తుంది, పని జరుగుతుంది. కాని వాల్వుకు ముందొక గేజి, తర్వాతొక గేజి పెట్టి చూడండి. మన ఉదాహరణలో ముందున్న గేజి సుమారు 3.3 కిలోలు చూపితే, తర్వాతది 2.1 దగ్గర ఉంటుంది. నడుమ ఉన్న 1.2 కిలోలు, అంటే 12 మీటర్ల ఒత్తిడి, వాల్వు దగ్గరే చచ్చిపోతోంది. దాన్ని పుట్టించడానికి కరెంటు కాల్చాం, చంపడానికి వాల్వు పెట్టాం. ఒక చేత్తో ముల్లుకర్రతో ఎడ్లను పొడుస్తూ రెండో చేత్తో పగ్గాలు బిగబట్టి బండి తోలినట్టు ఉంటుంది ఈ పని.

చచ్చిన ఒత్తిడి ఊరికే పోదు, వేడిగా మారుతుంది. చల్లనీటి పంపులో ఆ వేడి చేరేది మనం చల్లబరుచుకున్న నీటిలోకే. దాన్ని తిరిగి తీసివేయడానికి కంప్రెసరు మళ్లీ పనిచేయాలి. ఒకే నష్టానికి రెండుసార్లు డబ్బు కడుతున్నామన్నమాట.

అయినా వాల్వును తప్పుపట్టడం లేదు. తగ్గించవలసింది కొంచెమే అయితే, లేదా నాలుగు రోజుల అవసరమైతే, వాల్వే మంచిది. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. మూయవలసింది డెలివరీ వైపు వాల్వునే. సక్షన్ వైపు వాల్వు ఎప్పుడూ పూర్తిగా తెరిచి ఉండాలి. అటు మూస్తే పంపుకు నీరందక పైన చెప్పిన గులకరాళ్ల చప్పుడు మొదలవుతుంది. డెలివరీ పూర్తిగా మూసి పంపును ఎక్కువసేపు తిప్పడం కూడా ప్రమాదమే. కేసింగులో నిలిచిన నీరు కాగి సీలు దెబ్బతింటుంది.

కొందరు బైపాసు పైపు వేసి మిగులు నీటిని ట్యాంకుకు తిరిగి పంపుతారు. ఇది వాల్వు కంటే నష్టం. పంపు తోసే నీరు తగ్గదు కాబట్టి కరెంటూ తగ్గదు.

రెండో దారి: ఇంపెల్లరు కోత

అవసరం ఎప్పటికీ ఇంతేనని తేలినచోట మంచి మార్గం ఇంపెల్లరు వ్యాసాన్ని లేతు మీద తగ్గించడం. నీటిని ఎత్తుకు ఎక్కించే పని లేకుండా పైపుల్లో తిప్పే పనే ఉన్నచోట దీనికొక లెక్క ఉంది. వ్యాసం 10 శాతం తగ్గితే ప్రవాహం 100కు 90 అవుతుంది. ఒత్తిడి 81 అవుతుంది. శక్తి 73కు దిగుతుంది. 20 శాతం తగ్గితే ఇవే 80, 64, 51 అవుతాయి. ప్రవాహం కొంచెం తగ్గినా శక్తి బాగా తగ్గుతుందన్నది ఇందులోని సారాంశం.

మన ఉదాహరణలో 18,000 నుంచి 15,000 అంటే ఆరింట ఐదు వంతులు. ఇంపెల్లరు వ్యాసం 180 మిల్లీమీటర్లయితే, ఆరింట ఐదు వంతులు 150 అవుతుంది. ఒత్తిడి 30 మీటర్ల నుంచి సుమారు 21కి దిగుతుంది. పైపులకు, చిల్లరుకు కావలసింది కూడా అంతే.

కరెంటు సంగతి చూద్దాం. ఇలాంటి పంపు షాఫ్టు మీద, వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 2.7 కిలోవాట్లు పడుతుంది. వాల్వు మూస్తే 2.45 దగ్గరకు వస్తుంది. ఇంపెల్లరు కోస్తే 1.6కు దిగుతుంది. వాల్వు మూసినా మీటరు తగ్గుతోంది కదా అనేవారికి ఇదే సమాధానం. తగ్గుతుంది, కాని తగ్గవలసినంత తగ్గదు. వాల్వుకూ కోతకూ తేడా షాఫ్టు మీద 0.85 కిలోవాట్లు. మోటారులో పోయే నష్టం కలిపితే మీటరు దగ్గర గంటకు సుమారు ఒక యూనిటు. రోజుకు 12 గంటలు నడిస్తే ఏడాదికి 4,380 యూనిట్లు. యూనిటు 7 రూపాయలనుకుంటే 30,660 రూపాయలు. మీ బిల్లులో ఉన్న ధరతో మీరే గుణించి చూసుకోండి.

ఐసు లెక్కలో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. 0.85 కిలోవాట్ల వేడి గంటకు 9 కిలోల ఐసును కరిగిస్తుంది. 12 గంటలకు నూరు కిలోలు దాటుతుంది. సగం మూసిన ఒక వాల్వు రోజూ నూరు కిలోల ఐసు తినేస్తోందన్నమాట. ఆ ఐసు మీ పాల కోసం కట్టించినది.

కోతలో పాటించవలసినవి

కోసింది మళ్లీ అతకదు. అందుకని నేరుగా 150కి కోయించవద్దు. లెక్క చెప్పినదానికంటే ప్రవాహం ఎక్కువగానే పడిపోవడం మామూలు. మొదట 160కి కోయించి, బిగించి, డ్రమ్ముతో కొలవాలి. చాలకపోతే మళ్లీ మూడు నాలుగు మిల్లీమీటర్ల చొప్పున తగ్గించాలి. చాలాసార్లు 150 దాకా పోకుండానే పని పూర్తవుతుంది.

పూర్తి వ్యాసంలో 80 శాతం కంటే తక్కువకు దిగకూడదు. తయారీదారు పత్రంలో కనీస వ్యాసం ఇచ్చి ఉంటే అదే హద్దు. అంతకు మించి కోస్తే అంచుకూ కేసింగుకూ మధ్య ఖాళీ పెరిగి, నీరు లోపలే తిరిగి, పంపు పనితనం పడిపోతుంది. కోసిన తర్వాత ఇంపెల్లరు అన్ని వైపులా సమతూకంగా ఉందో లేదో చూడాలి. లేకపోతే అదురు పుట్టి బేరింగులు పోతాయి.

అసలు ఇంపెల్లరును కోయకుండా, స్పేరు ఒకటి తెప్పించి దాన్ని కోయించడం ఉత్తమం. పూర్తి సైజుదానికి గ్రీజు పూసి, గుడ్డ చుట్టి, వ్యాసం రాసిన చీటీ కట్టి స్టోర్సులో ఉంచండి. రేపు పాలు పెరిగి పెద్ద చిల్లరు వస్తే ఏం చేస్తామన్న భయం దీనితో తీరుతుంది. గంటలో మళ్లీ పాతది ఎక్కించవచ్చు. కోసిన వ్యాసం, తేదీ, గేజి అంకెలు, ఆంపియర్లు లాగ్ పుస్తకంలో రాయండి. లేకపోతే తర్వాత వచ్చే మెకానిక్కు, ఈ పంపు నీరు తక్కువ పోస్తోందని కొత్త ఇంపెల్లరు వేస్తాడు. కథ మొదటికొస్తుంది.

మూడో దారి: వేగం తగ్గించడం

బెల్టుతో నడిచే పంపయితే పుల్లీ మార్చి చుట్లు తగ్గించవచ్చు. మోటారుకు నేరుగా బిగించిన పంపుకు వి.ఎఫ్.డి. అనే వేగ నియంత్రణ పెట్టె పెట్టుకోవాలి. అది 50 హెర్ట్జ్ కరెంటును తగ్గించి మోటారు చుట్లు తగ్గిస్తుంది. ఇంపెల్లరు కోతకు చెప్పిన లెక్కే దీనికీ వర్తిస్తుంది. మన ఉదాహరణకు 42 హెర్ట్జ్ దగ్గర సరిపోతుంది. సుఖమేమిటంటే, కావలసినప్పుడు మళ్లీ పెంచుకోవచ్చు. కష్టమేమిటంటే పెట్టె ఖరీదు, దుమ్ము, తేమ, వోల్టేజి హెచ్చుతగ్గులు. ఒకే ప్రవాహం చాలినచోట ఇది అనవసరపు ఖర్చు. రెండు మూడు రకాల ప్రవాహం కావలసినచోట ఇదే సరైనది.

పాల పంపు విషయంలో జాగ్రత్త

అలా రెండు రకాల ప్రవాహం కావలసిన చోటు పాల పంపే. ఇది పెద్దదైతే పోయేది కరెంటు ఒక్కటే కాదు. గంటకు 5,000 లీటర్లకు తయారైన చిల్లరులోకి 7,000 తోస్తే, పాలు ప్లేట్ల మధ్య నిలిచే సమయం తగ్గుతుంది. 4 డిగ్రీలకు రావలసినవి 7, 8 డిగ్రీల దగ్గరే బయటపడవచ్చు. ఆ తేడా సూక్ష్మజీవులకు వరం. పొద్దున ట్యాంకరు వచ్చేసరికి పులుపు పరీక్షలో పాలు తప్పితే నష్టపోయేది ఆ ట్యాంకులో పాలు పోసిన అందరూ.

ఇంకొకటి. డంపు ట్యాంకులోకి వచ్చే పాలకంటే పంపు ఎక్కువ లాగితే పాలతోపాటు గాలి పీలుస్తుంది. నురగ వస్తుంది. పాలు చిలికినట్టయి వెన్న కణాల పొర చిరుగుతుంది. పచ్చిపాలలో సహజంగా ఉండే లైపేజు అనే పదార్థం ఆ వెన్నమీద పనిచేసి చీకు వాసన పుట్టిస్తుంది. మన గేదె పాలలో వెన్న ఎక్కువ కాబట్టి ఈ జాగ్రత్త మరీ అవసరం.

అయితే పాల పంపు ఇంపెల్లరు కోసేద్దామని తొందరపడవద్దు. చాలా కేంద్రాల్లో అదే పంపు పాల తర్వాత సోడా నీరు, ఆమ్లం తిప్పి పైపులు కడుగుతుంది. పైపులు శుభ్రపడాలంటే కడిగే నీరు సెకనుకు 1.5 మీటర్ల వేగంతోనైనా పరుగెత్తాలి. 38 మిల్లీమీటర్ల పైపులో దానికి గంటకు సుమారు 5,400 లీటర్లు కావాలి. 51 మిల్లీమీటర్ల పైపులో 10,000 దగ్గర కావాలి. పాలకు సరిపడేలా 5,000కు కోసేస్తే కడుగుడు నీరసించి, పైపుల్లో పాలగార పేరుకుంటుంది. కరెంటు మిగిలి పాలు పోతాయి.

అందుచేత పాల పంపుకు రెండు వేగాలు పెట్టుకోవడం మేలు. పాలు నడిచేటప్పుడు వి.ఎఫ్.డి. తగ్గించి, కడిగేటప్పుడు 50 హెర్ట్జ్‌కు పెంచాలి. ఏ అంకె దగ్గర పాలు 5,000కు వస్తాయో డంపు ట్యాంకు కొలకర్రతో, గడియారంతో చూసి, ఆ అంకెను పెట్టె మీద రాసి అంటించాలి. వి.ఎఫ్.డి. లేనప్పుడు పంపుకూ చిల్లరుకూ మధ్య వాల్వును పాలకు ఒక గుర్తు దగ్గర, కడుగుడుకు మరో గుర్తు దగ్గర ఉంచి నడపవచ్చు.

ఎక్కడ తగ్గించనక్కరలేదు?

శీతాకాలంలో గేదెలు ఈని పాలు పొంగినట్టు వస్తాయి, ఎండాకాలంలో తగ్గిపోతాయి. పాలు సగమయ్యాయి కాబట్టి పంపు ప్రవాహం సగం చేయాలా? అక్కరలేదు. ప్రవాహం చిల్లరును బట్టి ఉండాలి. పాలు తగ్గితే పంపు నడిచే గంటలు తగ్గుతాయి, అంతే.

పైనున్న ట్యాంకుకు నీరెక్కించే పంపు, మీ బావి పంపు సంగతి వేరు. అక్కడ ఒత్తిడిలో ఎక్కువ భాగం ఎత్తుకే పోతుంది. పైన చెప్పిన లెక్క పట్టుకుని ఇంపెల్లరు కోస్తే నీరు పైకి ఎక్కకపోవచ్చు. 20 మీటర్ల ఒత్తిడిలో 15 మీటర్లు ఎత్తుకే పోయేచోట, వ్యాసం 20 శాతం తగ్గిస్తే ఒత్తిడి 13 మీటర్లకు పడిపోతుంది. ఇక నీరేం ఎక్కుతుంది? ట్యాంకు తొందరగా నిండితే పంపు తొందరగా ఆపుకోవడమే అక్కడ తెలివైన పని.

అవసరం పంపు సామర్థ్యంలో సగమో అంతకన్నా తక్కువో అయితే కోతకు అందదు. పంపునే మార్చాలి. ఒక సంఘానికి పెద్దదైన పంపు మరో కేంద్రానికి సరిగ్గా సరిపోవచ్చు. కొత్తది కొనేముందు జిల్లా యూనియనుకు ఒక ఉత్తరం రాసి అడగండి. మనది సహకార వ్యవస్థ. పాలు కలిపి అమ్ముకున్నట్టే సామగ్రినీ సర్దుకోవచ్చు.

మీరు చేయవలసింది

వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టండి. మీ కేంద్రంలో ఏ వాల్వు ఎంత మూసి ఉందో అడగండి. డ్రమ్ముతో ప్రవాహం, గేజితో ఒత్తిడి, క్లాంపు మీటరుతో ఆంపియర్లు కొలిపించి ఒక కాగితం మీద రాయించండి. పక్కన చిల్లరు పత్రంలోని అంకె రాయండి. రెండంకెల మధ్య తేడా ఎంతో చూశాక, వాల్వు చాలునా, కోత కావాలా, వేగం తగ్గించాలా అన్నది తేల్చండి. ఆ కాగితం మాకు పంపితే ఇంపెల్లరు కొలతలు లెక్క వేసి ఇవ్వడానికి మా విభాగం సిద్ధంగా ఉంది.

తెల్లవారుజామున లేచి పాలు పితికి, క్యాను మోసుకుని కేంద్రానికి వచ్చే మీ శ్రమలో ఒక్క పైసా కూడా సగం మూసిన వాల్వు దగ్గర ఆగిపోకూడదన్నదే మా కోరిక.